తెరమీద పాట: కథా కమామీషు

"కథ నడుస్తుంటే మధ్యలో ఈ పాటలేమిటండీ? ఇంగ్లీషు సినిమాల్లో ఇలా వుంటుందా?" హాస్టల్లో తరచు వినబడే మాట ఇది. వుంటుంది. అసలు మాట్లాడే సినిమా పుట్టిందే పాటతో. 1927 అక్టోబరులో అమెరికాలో విడుదలైన 'ది జాజ్ సింగర్'లో వినబడే మాటలు కొద్ది, పాటలే ఎక్కువ. మిగతా కథంతా మూకీ పద్ధతిలో తెరమీద రాతలతోనే నడిచింది.

అక్కణ్ణించి హాలీవుడ్డు వారికి ఒక చిక్కు వచ్చిపడింది. వీధిలో పోయే మామూలు మనిషి పాట ఎందుకు ఎత్తుకోవాలి? వాళ్ళు కనిపెట్టిన తేలిక ఉపాయం, నాయికానాయకుల్ని నాటకాల వాళ్ళుగా చూపడం. 'ది బ్రాడ్వే మెలొడీ' (1929), 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్' (1933) ఈ కోవలోవే. పాట రంగస్థలంమీద వస్తుంది గనుక ఎవరూ ప్రశ్న వేయరు. రెండోది, మాట చాలనిచోట పాట అందుకోవడం. ఇది కష్టమైన పని. 'సింగిన్ ఇన్ ది రెయిన్' (1952)లో రెండు పద్ధతులూ వున్నాయి. తొలి టాకీల రోజుల్లో మైకు పొదలో దాచి పడ్డ పాట్లు కూడా అందులో కడుపుబ్బ నవ్వేలా చూపించారు.

మనకు ఈ సంజాయిషీ అవసరం పడలేదు. కారణం పద్యనాటకం. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' చూస్తూ పెరిగిన జనానికి, రాయబారానికి వచ్చిన కృష్ణుడు పద్యం పాడటం వింత కాదు, పాడకపోతేనే వింత. 1931 మార్చిలో వచ్చిన 'ఆలం ఆరా'లో ఏడు పాటలుంటే, మరుసటేడు 'ఇంద్రసభ'లో డెబ్బై దాకా వున్నాయి! అదే 1932లో హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద'ను సురభి నాటకాల వాళ్ళతో తీశారు. అంటే మన టాకీ నాటకాల పందిట్లోంచి తిన్నగా స్టూడియోలోకి నడిచొచ్చిందన్నమాట.

ఇక సైన్సు విద్యార్థిని గనుక నన్ను ఎక్కువ ఆకర్షించేది ప్లేబ్యాకు. మొదట్లో నటులే కెమెరా ముందు పాడాలి, వాయిద్యాలవాళ్ళు కనబడకుండా చాటున కూర్చోవాలి. అందుచేత గొంతున్నవాళ్ళకే వేషాలు. 1935లో కలకత్తాలో నితిన్ బోస్ తీసిన 'ధూప్ ఛావ్'లో పాట ముందే రికార్డు చేసి, దాన్ని వినిపిస్తూ చిత్రీకరించారు. చెప్పడానికి చిన్న మాటే. కాని ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. పెదవికీ గొంతుకీ నాలుగు బొమ్మల తేడా, అంటే సెకనులో ఆరోవంతు వచ్చినా చాలు, చూసేవాడికి ఎబ్బెట్టుగా వుంటుంది. ఆ లంకె కుదిరాక ఒకే ఘంటసాల రామారావుకీ నాగేశ్వరరావుకీ గొంతయ్యారు. ('మల్లీశ్వరి'లో భానుమతిగారు మాత్రం తన పాటలు తానే పాడుకున్నారు, అది వేరే సంగతి.) 'శంకరాభరణం' (1980)లో సోమయాజులు, బాలసుబ్రహ్మణ్యం ఇద్దరు మనుషులన్న ఆలోచనే మనకు రాదు.

ఇందులో మనం పోగొట్టుకున్నదీ వుంది. 'నర్తనశాల' (1963), 'దానవీరశూర కర్ణ' (1977) రోజుల్లో తెరమీద వెలిగిన పద్యం, పౌరాణికాలు తగ్గడంతో తానూ తగ్గింది. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు నేనూ గంతులేశాను. కాని ఈ మధ్య చాలా చిత్రాల్లో పాట వెనకాల ఎక్కడో మోగుతుంది, తెరమీద మనిషి పెదవి కదపడు. సంక్రాంతి సెలవుల్లో అలాంటి సినిమా ఒకటి చూస్తూ మా తాతయ్య "ఎవడు పాడుతున్నాడ్రా?" అన్నాడు. ఆయన చేలో మడవ తిప్పుతూ కృష్ణుడి పద్యాలు పాడే మనిషి. ఎవరూ పాడటంలేదు, వెనకాల వస్తోందన్నాను. "మరి వీడికి చెప్పుకునేదేం లేదా?" అని లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

వచ్చే ఏడాది యూనియన్ వారు 'సింగిన్ ఇన్ ది రెయిన్', 'నర్తనశాల' ఒక్క వారంలో వేయిస్తే బాగుంటుంది. ప్రొజెక్టరు దగ్గర నిలబడే పని నేను చూసుకుంటాను.