నిమ్మగడ్డి నూనె నానో ఎమల్షన్: బిందు పరిమాణం కన్నా స్థిరత్వమే ప్రధానం

నిమ్మగడ్డి నూనెలో ప్రధానాంశమైన సిట్రాల్‌కు అనేక శిలీంధ్రాలను అరికట్టే గుణం ఉంది. అయితే ఈ నూనె నీటిలో సరిగా కలవదు, త్వరగా ఆవిరవుతుంది, గాలి, వెలుతురు తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. సుమారు 20–200 నానోమీటర్ల వ్యాసం గల బిందువులుగా నీటిలో విస్తరింపజేస్తే, అంటే నానో ఎమల్షన్‌గా మారిస్తే, ఈ లోపాలను కొంతవరకు అధిగమించవచ్చు.

తయారైన రోజున పారదర్శకంగా ఉన్న ఎమల్షన్ క్రమేణా పాలవలె తెల్లబడి, నూనె పైకి తేలవచ్చు. అటువంటి దానిని పిచికారీ చేస్తే కొన్ని ఆకులు మాడిపోతాయి. మరికొన్నిటిపై తెగులు అదుపు కాదు. నష్టపోయేది రైతు.

అస్థిరతకు కారణాలు

బిందువులు ఢీకొని ఒకటిగా కలిసిపోవడం మొదటి కారణం. రెండవది ఆస్వాల్డ్ రైపెనింగ్: చిన్న బిందువుల్లోని నూనె నీటిలో కరిగి పెద్ద బిందువుల్లోకి చేరుతుంది. వంటనూనెలు నీటిలో దాదాపు కరగవు కనుక వాటిలో ఇది అతి స్వల్పం. సుగంధ తైలాల అణువులు చిన్నవి, నీటిలో కొంత కరుగుతాయి కనుక వాటిలో ఇదే ప్రధాన సమస్య. బిందు వ్యాసార్ధపు ఘనం కాలంతోపాటు సరళరేఖలో పెరుగుతుంటే ఆస్వాల్డ్ రైపెనింగ్ జరుగుతున్నట్లు అనుమానించాలి.

తయారీ విధానం

• నిమ్మగడ్డి నూనెలో కొంత నువ్వుల లేదా పొద్దుతిరుగుడు నూనె కలపాలి. నీటిలో కరగని ఈ నూనె బిందువుల పెరుగుదలను నిరోధిస్తుంది. నిష్పత్తిని ప్రయోగపూర్వకంగా నిర్ణయించుకోవాలి.
• ఈ మిశ్రమం 5 పాళ్లకు ట్వీన్-80 5–10 పాళ్లు చేర్చి, మొత్తం 100 పాళ్లయ్యేలా స్వేదనజలాన్ని నెమ్మదిగా పోస్తూ కలియబెట్టాలి.
• 20 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనికేటర్‌తో, పాత్రను మంచునీటిలో ఉంచి, విడతలవారీగా శుద్ధి చేయాలి. వేడెక్కితే నూనె ఆవిరవుతుంది.
• ముదురు రంగు సీసాలలో గాలి చొరబడకుండా నిల్వ చేయాలి.

ట్వీన్-80ను అవసరానికి మించి పెంచడం పరిష్కారం కాదు. అది ఆకులకు హాని చేయవచ్చు.

పరీక్షలు

సెంట్రిఫ్యూజ్ పరీక్షతోపాటు 4, 45 డిగ్రీల సెల్సియస్ వద్ద మార్చి మార్చి ఉంచి పరిశీలించాలి. బిందు పరిమాణాన్ని మొదటి రోజుతో సరిపెట్టక నెలల తరబడి కొలవాలి. పాలీడిస్పర్సిటీ సూచిక 0.3 లోపు ఉండటం మేలు. ట్వీన్-80 విద్యుదావేశం లేని సర్ఫాక్టెంట్ కనుక, జీటా పొటెన్షియల్ 30 మిల్లీవోల్టులకు తక్కువగా ఉన్నంత మాత్రాన ఎమల్షన్‌ను అస్థిరమని తోసిపుచ్చరాదు.

చివరగా, రైతు వాడే బోరునీటిలో పలుచన చేసి, కొద్ది మొక్కలపై పిచికారీ చేసి చూడాలి. ఈ దశలన్నీ దాటిన తరువాతనే క్షేత్ర ప్రదర్శనలకు సిఫారసు చేయడం సమంజసం.