తెరచాప నీడలో సంసారం

ఒక దంపతుల ఇల్లు ఇరవైనాలుగు అడుగుల పొడవు మాత్రమే ఉన్నదంటే వినేవారికి వింతగా తోచవచ్చు. ఆ ఇంటికి పునాది లేదు. వాకిట ముగ్గు వేయడానికి నేల లేదు. ఒక తీరాన నిద్రించిన ఆ ఇల్లు కొన్నాళ్లకు మరొక దేశపు తీరాన మేలుకొనేది. లిన్ పార్డీ, లారీ పార్డీ దంపతులు తమ జీవితంలో సుమారు నాలుగు దశాబ్దాలను తెరచాప పడవలపైనే గడిపారు.

లారీ 1939లో కెనడాలో జన్మించారు. లిన్ అమెరికా దేశస్థురాలు. 1965లో కాలిఫోర్నియాలో వారికి పరిచయమైంది. లైల్ హెస్ అనే నౌకా రూపశిల్పి గీసిన నమూనాను అనుసరించి ఇద్దరూ మూడు సంవత్సరాలకు పైగా శ్రమించి, స్వహస్తాలతో ఒక కొయ్య పడవను నిర్మించారు. దానికి ‘సెరాఫిన్’ అని పేరు పెట్టారు. 1968లో అది నీటిలో దిగింది. మరుసటి సంవత్సరం వారి యాత్ర మొదలైంది.

ఆ పడవలో యంత్రం లేదు. మరచిపోయి విడిచిపెట్టినది కాదు, కోరి వద్దనుకున్నది. యంత్రం కొనడానికి ధనం కావాలి, నడపడానికి ఇంధనం కావాలి, చెడిపోతే బాగుచేయించాలి. అందుకు అవసరమైన ధనం సంపాదించడానికి మరికొంత కాలం ఒడ్డున ఉద్యోగం చేయాలి. ఆ కాలాన్ని వారు సముద్రం మీదనే గడపదలచారు. గాలి పడిపోయినప్పుడు పడవ వెనుక భాగాన పొడవైన తెడ్డును అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా ముందుకు సాగేవారు. అదీ సాధ్యం కానప్పుడు గాలి కోసం నిరీక్షించేవారు. ఫలానా తేదీన ఫలానా ఊరిలో ఉంటామని మాట ఇవ్వలేని బ్రతుకు అది. ఈ పద్ధతి అందరికీ తగినదని చెప్పలేము. నౌకలతో కిక్కిరిసిన రేవులో యంత్రం లేని పడవను నడపడం కత్తిమీద సామే.

జనసంచారం లేని చిన్న అఖాతంలో లంగరు వేసిన పడవ చిత్రాన్ని చూసిన వారికి అది విశ్రాంతికి మారురూపంగా కనిపిస్తుంది. కాని ఆ ప్రశాంతత వెనుక ఎంతో మెలకువ ఉంటుంది. అటువంటి చోటికి చేరే నావికుడు మొదట నీటి లోతును, అడుగు భాగపు స్వభావాన్ని తెలుసుకోవాలి. ఇసుకలోను, బురదలోను లంగరు చక్కగా దిగబడుతుంది. నున్నని బండరాతి మీద జారిపోతుంది. పడవ ముందు భాగాన్ని గాలికి ఎదురుగా నిలిపి, లంగరును దించి, గాలి పడవను వెనుకకు నెడుతూ ఉండగా గొలుసును వదలాలి. నీటి లోతుకు ఎన్నో రెట్లు పొడవైన గొలుసు వదిలితేగాని లంగరుపై లాగుడు అడ్డంగా పడదు. నిట్టనిలువుగా లాగితే లంగరు ఊడివస్తుంది. ఆ తరువాత ఒడ్డున ఒక చెట్టును, దాని వెనుక ఒక కొండను గురుతుగా పెట్టుకొని, అవి ఒకదానికొకటి స్థానం మారుతున్నాయేమో గమనించాలి. మారితే లంగరు జారుతున్నదన్నమాట.

గాలి దిశ మారితే సాయంత్రం ఆశ్రయమిచ్చిన అఖాతమే అర్ధరాత్రికి బోనుగా మారవచ్చు. యంత్రం లేనివారు అలలు తమను ఒడ్డున పడవేయకముందే తెరచాప ఎత్తి బయటపడాలి. కనుక లోపలికి రాగానే బయటికి పోయే దారిని ఆలోచించుకోక తప్పదు.

ఇద్దరే మనుషులు. ఒకరు నిద్రిస్తే మరొకరు కాపలా. ఒకరికి జ్వరం వస్తే పడవ భారమంతా మరొకరిదే. అందువల్లనే చిన్న పడవ మేలని వారు భావించారు. ఏ తెరచాపనైనా, ఏ లంగరునైనా ఇద్దరిలో ఒక్కరే సంబాళించగలగాలి. లిన్ పొట్టి మనిషి. సముద్రయానం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య కూడా కాదు. అయినా చుక్కాని పట్టడమూ, సెక్స్‌టెంట్‌తో సూర్యుని ఎత్తు కొలిచి పడవ ఉన్న చోటు లెక్కగట్టడమూ నేర్చుకున్నారు. నడిసముద్రంలో భర్త నైపుణ్యం మీదనే ఆధారపడిన భార్య ప్రయాణికురాలే అవుతుంది గాని సహనావికురాలు కాదు.

జపాను నుండి కెనడాకు పసిఫిక్ మహాసముద్రాన్ని దాటడానికి వారికి 49 రోజులు పట్టింది. అన్ని రోజులూ ఏమి వండినదీ, ఏ కూరగాయ ఎన్నాళ్లు నిలిచినదీ లిన్ దినచర్యలో వ్రాసుకున్నారు. అదే తరువాత నావికుల భోజనాన్ని గురించిన ఒక ప్రసిద్ధ గ్రంథానికి ఆధారమైంది. కిరోసిన్ దీపాల వెలుగు, పొదుపుగా వాడుకునే మంచినీరు వారి నిత్యజీవితం. తుఫాను ముంచుకొచ్చినప్పుడు దానితో పరుగులు తీయక, తెరచాపను తగ్గించి, ముందు భాగాన్ని గాలికి ఏటవాలుగా ఉంచి పడవను దాదాపు నిలిపివేసేవారు. మెల్లగా ప్రక్కకు జరిగే పడవ తన గాలివైపున నీటిని కొంత నునుపు చేస్తుంది. ఆ నునుపు మీద అలల ఉధృతి తగ్గుతుంది. ఈ విద్యను గురించి వారు ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు.

ధనం మాటేమిటి? లారీ నేర్పరి అయిన వడ్రంగి. రేవుల్లో ఇతరుల పడవలను బాగుచేస్తూ, కొత్తవాటిని యజమానులకు చేరవేస్తూ కొన్ని నెలలు సంపాదించేవారు. దానికి ఇద్దరి రచనల ఆదాయం తోడయ్యేది.

‘సెరాఫిన్’ పడమటి నుండి తూర్పుకు సాగుతూ సుమారు పదకొండేళ్లలో భూగోళాన్ని చుట్టివచ్చింది. ఆపైన దాదాపు ముప్ఫై అడుగుల ‘టాలిసిన్’ను నిర్మించి 1983లో నీటిలో దించారు. దానిలోనూ యంత్రం లేదు. ఈసారి పడమటి దిక్కుగా సాగి, ఎదురుగాలులను అధిగమిస్తూ దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను దాటారు. అప్పటికి వారు యౌవనంలో లేరు.

సరదాగా ఉన్నంతకాలమే ఈ యాత్ర అని వారు మొదటినుండి ఒక ఒప్పందం చేసుకున్నారు. 2014లో వెలువడిన వారి జీవిత చరిత్రకు ఆ మాటే శీర్షిక అయింది. ఆ ఒప్పందాన్ని తెంచినది సముద్రం కాదు, వ్యాధి. న్యూజిలాండ్‌లోని కవావు ద్వీపంలో వారికి తీరాన ఒక ఇల్లు ఉండేది. పార్కిన్‌సన్ వ్యాధి లారీ చేతులనుండి పనిముట్లను క్రమంగా దూరం చేసింది. 2020 జూలైలో ఆయన కన్నుమూశారు. లిన్ ఆ తరువాత కూడా కలాన్ని, తెరచాపను విడువలేదు.