తీర్పరికి గురువు

ఆటలో గెలిచినవారిని లోకము కొనియాడును, ఓడినవారిని ఓదార్చును. ఆటను న్యాయముగా నడపిన తీర్పరిని తలంచువారు మాత్రము అరుదు. అతడు పొరపడిన నాడే అందఱి కన్నులును అతనిపై పడును. అట్టి పనికి క్రొత్తగా వచ్చిన యువకునకు దారి చూపు పెద్ద యొకడు అవసరము. అమెరికా దేశపు ఉన్నత పాఠశాలల బాస్కెట్‌బాల్ ఆటలో ఈ గురుశిష్య సంబంధము చక్కగా కానవచ్చును.

బాస్కెట్‌బాల్ ఆ దేశముననే పుట్టినది. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు లోపల ఆడుకొనుటకై దీనిని కల్పించెను. ఆయన వ్రాసిన నియమములు 13. వానిలోనే ఇద్దఱు తీర్పరులు పేర్కొనబడిరి. ఒకడు ఆటగాండ్ర నడవడిని, రెండవవాడు బంతిని కనిపెట్టవలెను. కావున ఆటతోపాటే తీర్పరియు పుట్టెనని చెప్పవచ్చును.

నేడు అచ్చట తీర్పరులలో పెక్కుమంది పగలు వేఱు వృత్తులు చేసికొని, సాయంకాలము నలుపు తెలుపు చారల చొక్కా తొడిగి ఆటస్థలమునకు వత్తురు. నియమముల పుస్తకము చదివినంత మాత్రమున తీర్పు చెప్పు నేర్పు రాదు. అందుచేత అనుభవముగల తీర్పరి యొకడు ప్రేక్షకుల నడుమ కూర్చుండి, క్రొత్తవాని నడకను, చూపును, చేతి సంజ్ఞలను గమనించి చిన్న పుస్తకమున వ్రాసికొనును. ఫౌలు జరిగినచో పిడికిలి బిగించి చేయి ఎత్తవలెను; ఇతర నియమభంగమైనచో అఱచేయి విప్పి ఎత్తవలెను. తొందరలో క్రొత్తవారు ఈ రెంటిని తాఱుమాఱు చేయుట కలదు. వారి కన్నులు బంతి వెంటనే పరుగిడుట మఱియొక లోపము. “బంతిని చూచుటకు ఇందఱు ప్రేక్షకులు కలరు, నీకు అప్పగించిన చోటును నీవుగాక చూచువాడెవడు?” అని గురువు హెచ్చరించును.

ఒక ఆటలో ఇట్లు జరిగెననుకొనుడు. బుట్టవైపు దూసికొనిపోవుచున్న ఆటగాడు, తనకు ఎదుట ముందుగానే చోటు చేసికొని నిలిచిన ప్రత్యర్థి ఱొమ్మును ఢీకొనెను. తప్పు దూసికొనివచ్చిన వానిది. కాని యువ తీర్పరి నిలిచిన వానిపై ఫౌలు చెప్పెను. ప్రేక్షకులు కేకలు వేసిరి. యువకుని ముఖము వెలవెలబోయెను.

సగము ఆట ముగియగానే అతడు గురువును చేరి, “అయ్యా, నేను పొరపడితిని. రెండవ సగమున ఆ పక్షమునకు అనుకూలముగా ఒక ఫౌలు ఇచ్చి సరిచేసెదను” అనెను.

గురువు తల త్రిప్పెను. “వద్దు నాయనా! మొదటిది పొరపాటు; రెండవది అన్యాయము. పొరపాటును కన్ను చేయును, అన్యాయమును మనస్సు చేయును. శిక్షకుడు అడిగినచో పొరపడితినని ఒక్క మాట చెప్పుము. ఇకమీదట బంతిగలవానికంటె ముందు, ఎదుట నిలిచినవానిని చూడుము.”

రెండవ సగమున అట్టి ఘట్టమే మరల వచ్చెను. యువకుడు నిలిచినవానినే గమనించి సరియైన తీర్పు చెప్పెను. ఈసారి రెండవ పక్షమువారు కేకలు వేసిరి. అయినను అతని చేయి వణకలేదు.

ఆ కేకలు చిన్న విషయము కావు. 2018-19 మొదలు 2021-22 వఱకు అమెరికాలో అన్ని ఉన్నత పాఠశాల క్రీడలలోను కలిపి సుమారు 50,000 మంది తీర్పరులు తమ పనిని విడిచిరని అచ్చటి జాతీయ ఉన్నత పాఠశాలల క్రీడాసమాఖ్య తెలిపినది. కోవిడ్ వ్యాధి ఒక కారణము. ప్రేక్షకుల, శిక్షకుల దురుసు ప్రవర్తన మఱియొక కారణము. తీర్పరులు దొరకక కొన్ని చోట్ల ఆటలే వాయిదా పడినవి.

పదిమంది ఎదుట పరుషముగా మాటలాడువారు ఎందఱో ఉందురు. ఏకాంతమున తప్పు చూపి, మరల ఆటస్థలమునకు పంపువాడే గురువు. అట్టివాడు ఒకడున్నచో క్రొత్త తీర్పరి నిలుచును. తీర్పరి నిలిచినచో ఆట నిలుచును.