థార్ పల్లెలో నీళ్ల లెక్క: విద్యార్థులు పరిశోధన ఎలా చేయాలి?

'ఎడారిలో నీటి కొరత' అని శీర్షిక పెట్టుకుని బయల్దేరితే ఆ ప్రాజెక్టు ఎప్పటికీ తెమలదు. ప్రశ్నను కుదించుకుందాం. రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో ఒక పల్లె, అందులో పది ఇళ్లు చాలు. వాళ్ల టాంకాలో నీళ్లు ఏ నెలకు అడుగంటుతాయి? ఆ తర్వాత ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారు? టాంకా అంటే వాన నీళ్లు దాచుకోవడానికి భూమిలో కట్టుకున్న తొట్టి. చుట్టూ వాలుగా చదును చేసి ఉంచే నేల ఆగోర్. వాన నీళ్లు దాని మీద నుంచే లోపలికి జారుతాయి.

కావలసినవి

నోటుబుక్కు, 30 మీటర్ల టేపు, లీటరు సీసా, నీళ్లలో కరిగిన లవణాలెంతో చూపే టీడీఎస్ మీటరు, ల్యాబుకు పంపడానికి శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలు. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దు. అన్నిటికంటే ముఖ్యం మార్వాడీ తెలిసిన స్థానికురాలు ఒకరు. నీళ్లు మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. మగపిల్లలు మాత్రమే వెళ్తే జవాబులు చెప్పేది మగవాళ్లు. సర్పంచ్‌ను ముందే కలిసి అనుమతి తీసుకుందాం.

పద్ధతి

1. ముందు నీళ్ల రకాలు రాసుకుందాం. అక్కడివాళ్లు వాన నీటిని పాలర్ అంటారు, లోతు బావి నీటిని పాతాళ్ అంటారు. ఈ రెంటికీ మధ్య రేజాణీ ఉంది. కొన్నిచోట్ల ఇసుక కింద జిప్సం పొర ఉంటుంది. ఇంకిన వాన చెమ్మ అక్కడ ఆగిపోయి, కింది ఉప్పునీటిలో కలవదు. బేరీ అనే సన్నటి బావిలోకి అది మెల్లగా ఊరుతుంది. వీటికి ట్యాంకరు నీళ్లు, కుళాయి నీళ్లు కలిపి ఒక్కోదానికి ఒక గడి గీయండి.

2. నెలల వారీగా అడగండి. ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. వాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. వాళ్ల జేఠ్ బహుళ పక్షం మనకు వైశాఖ బహుళం. పేరు చూసి జ్యేష్ఠమని రాసేస్తే లెక్క పదిహేను రోజులు తప్పుతుంది. పక్కనే ఇంగ్లీషు నెల కూడా వేసుకోండి.

3. టాంకా కొలుద్దాం. ఆగోర్ మీద కాలు పెట్టేముందు అడగండి, చెప్పులు బయటే వదలండి. అది తాగే నీళ్ల దారి. లోతు కోసం మన తాడు దించకుండా వాళ్ల చేదతాడే అడిగి తీసుకుందాం. అది అడుగు తాకాక టాంకా అంచు దగ్గర ముడి వేసి, పైకి తీశాక కొలవాలి. వ్యాసం, లోతు మూడేసి మీటర్లయితే నిండు టాంకాలో సుమారు 21,200 లీటర్లు పడతాయి.

4. వాడకం అడిగేటప్పుడు 'రోజుకెన్ని లీటర్లు?' అనకండి. నోటికొచ్చిన అంకె చెబుతారు. 'పొద్దుటి నుంచి ఎన్ని బిందెలు తీశారు?' అని అడిగి, ఆ బిందెలో ఎన్ని లీటర్లు పడతాయో మన సీసాతో పోసి చూద్దాం.

5. తర్వాత పశువుల లెక్క. కొత్తవాళ్లు మరిచిపోయేది ఇదే. ఆరుగురికి తాగడానికి, వంటకు తలకు పది లీటర్ల చొప్పున రోజుకు 60 లీటర్లు అనుకుందాం. పై టాంకా దాదాపు ఏడాది వస్తుంది. వేసవిలో మేకకు ఐదు లీటర్ల చొప్పున పది మేకలను కలిపితే ఖర్చు 110 లీటర్లవుతుంది. ఆరు నెలలు దాటగానే టాంకా ఖాళీ. మేకలకు వేరే నీళ్లు పెడతారేమో కూడా కనుక్కోండి, కొన్ని ఇళ్లలో ఉప్పునీళ్లు వాటికే.

6. చివరగా నాణ్యత. ప్రతి నమూనాకూ ముందు అదే నీటితో మీటరు కొనను కడగండి.

జరిగే పొరపాట్లు

చవక మీటర్లలో 999 దాటితే తెర మూలన చిన్నగా ×10 గుర్తు పడుతుంది. అది చూడకపోతే 1,450 నీళ్లు 145గా నమోదై, ఉప్పు బావి కాస్తా మంచినీళ్ల బావి అయిపోతుంది.

టీడీఎస్ తక్కువుంటే నీళ్లు మంచివేనని తేల్చేయకండి. ఆ మీటరుకు ఫ్లోరైడూ తెలియదు, క్రిములూ తెలియవు. మన నల్గొండను పట్టి పీడించిన ఫ్లోరైడ్ సమస్య రాజస్థాన్‌లోనూ చాలా ప్రాంతాల్లో ఉంది. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. అది ల్యాబులోనే తేలాలి.

ఇక సగటు వానను నమ్ముకోవడం. 2006 ఆగస్టులో ఇదే బార్మేర్ జిల్లాలోని కవాస్ వరదలో మునిగింది. కింద జిప్సం పొర ఉండటంతో ఆ నీళ్లు చాలాకాలం ఇంకలేదు. అలాంటి ఏడాది కలిస్తే సగటు బాగానే కనిపిస్తుంది. కాబట్టి కనీసం పదేళ్ల వాన లెక్కలు తెచ్చి, అతి తక్కువ పడిన ఏడాదికి కూడా లెక్క కట్టండి. పది మీటర్ల వ్యాసార్థం ఉన్న ఆగోర్ మీద 200 మిల్లీమీటర్లు పడి, అందులో సగం లోపలికి చేరితే 31,400 లీటర్లు, అంటే టాంకా నిండి పొర్లుతుంది. 100 మిల్లీమీటర్లే పడితే 15,700 లీటర్లే. మేకలతో కలిపి చూస్తే ఐదు నెలలు కూడా గడవదు. నివేదికలో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉండాలి.