గట్టు ఎడమ, అచ్చు కుడి

ప్రశ్న: ఎల్ ఆకారపు వంటగట్టుకు కాంక్రీట్ పలక ఇంట్లోనే పోసుకోవాలనుకుంటున్నాం. అచ్చు ఎలా చేయాలి?

జవాబు: టేపు కొలతలను నమ్ముకోకండి. మన గోడల మూలలు 90 డిగ్రీలు ఉండటం అరుదు. సన్నటి ప్లైవుడ్ పట్టీలను గట్టు మీదే పరిచి, గోడకు ఆనించి, ఒకదానికొకటి అతికించండి. ఆ నమూనా మీద ‘పైవైపు’, ‘గోడవైపు’ అని రాయండి. పలకను బోర్లా పోస్తాం కాబట్టి అచ్చు అడుగే రేపటి పైముఖం. నమూనాను ‘పైవైపు’ కిందికి వచ్చేలా తిప్పి పరచాలి. ఇది మరిస్తే ఎల్ అటుది ఇటవుతుంది, అప్పుడు చేసేదేమీ లేదు.

అచ్చుకు లామినేట్ అంటించిన బోర్డు మేలు. ఉత్త ప్లైవుడ్ నీళ్లు పీల్చి మచ్చలు పెడుతుంది. పక్క చెక్కలకు మేకులొద్దు, బయటి నుంచి స్క్రూలు బిగించండి. సుత్తి దెబ్బలతో ఊడదీస్తే అంచులు పెచ్చులూడతాయి. లోపలి మూలల్లో సిలికాన్ పూసి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్క లాగులో సర్దండి. అక్కడ వేలు తడబడితే అదే గీత అంచు మీద అచ్చవుతుంది. సింకు కంతకు థర్మోకోల్ దిమ్మను టేపుతో చుట్టి అతికిస్తే చాలు.

ఒకటిన్నర అంగుళాల మందానికి చదరపు అడుగుకు ఎనిమిది, తొమ్మిది కిలోల బరువు. అందుకే ఎల్‌ను రెండు ముక్కలుగా పోయమంటాను.