పాత వీడియో గేమ్‌కు సరైన ఎడాప్టరు: లేబులు చదవడం నేర్చుకుందాం



మన హాస్టళ్లలో చదివినవారు కొందరు ఇప్పుడు విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవులకు వచ్చేటప్పుడు తమ్ముళ్ల కోసమో, ముచ్చటకో అక్కడి పాత వీడియో గేమ్ యంత్రం ఒకటి తెస్తుంటారు. జపాన్‌లో 1983లో వచ్చిన ఫామికాం, 1988 నాటి మెగా డ్రైవ్, 1990 నాటి సూపర్ ఫామికాం, 1994 నాటి ప్లేస్టేషన్ ఇలాంటివే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఒక్కోసారి ఎడాప్టరు ఉండదు. ఉన్నా అది మన కరెంటుకు పనికిరాదు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంట్లో ఉన్న ఎలిమినేటర్లన్నీ తెచ్చి, ఏ పిన్ను పడుతుందో చూస్తాం. పిన్ను పట్టగానే స్విచ్ వేస్తాం. ప్రమాదమంతా అక్కడే ఉంది.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. వస్తువు మీది లేబులు చదివి చెప్పే పెద్దలు మాకు లేరు. దుకాణంలో "పెట్టెయ్ బాబూ, పనిచేస్తుంది" అంటే నమ్మేవాళ్లం. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి అయి ఉంటుంది. అందుకే పదో తరగతి ఫిజిక్స్‌లో చదివిన వోల్టు, ఆంపియరు, వాటు ఇక్కడ ఎలా అక్కరకొస్తాయో ఈ వ్యాసంలో చెబుతున్నాం.

1. అక్కడి కరెంటు, ఇక్కడి కరెంటు

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు. టోక్యో ఉన్న తూర్పు వైపు 50 హెర్ట్జ్, ఒసాకా ఉన్న పడమటి వైపు 60 హెర్ట్జ్. అందుకే అక్కడి ఎడాప్టరు మీద "100 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటుంది. హెర్ట్జ్‌తో మనకు చిక్కు లేదు. చిక్కంతా వోల్టులతోనే.

ఆ రోజుల ఎడాప్టరులో ఉండేది ఇనుప కోరు, రాగి తీగ చుట్లు ఉన్న ట్రాన్స్‌ఫార్మరు. 100 వోల్టులకు చుట్టిన తీగకు 230 వోల్టులిస్తే 2.3 రెట్లు ఎక్కువ ఇచ్చినట్టు. కోరు అంత అయస్కాంతీకరణను మోయలేదు. తీగలో కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, వేడెక్కుతుంది, ఇన్సులేషన్ కరుగుతుంది. పొగ రావచ్చు, నిప్పు కూడా పుట్టవచ్చు.

అంగట్లో దొరికే పిన్ కన్వర్టరు దీనికి మందు కాదు. అది చదును పిన్నులను గుండ్రటి పిన్నులుగా మారుస్తుందే తప్ప ఒక్క వోల్టును కూడా తగ్గించదు.

2. లేబుల్లో చూడవలసిన నాలుగు సంగతులు

మొదటిది, ఇన్‌పుట్. "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉన్న ఎడాప్టరు మన దగ్గర నిశ్చింతగా వాడవచ్చు.

రెండోది, అవుట్‌పుట్ ఏసీయా డీసీయా అన్నది. అల లాంటి గీత ఉంటే ఏసీ. నిండు గీత, దాని కింద తెగిన గీతలు ఉంటే డీసీ. ఫామికాం, సూపర్ ఫామికాం రెండూ 10 వోల్టుల డీసీతో నడుస్తాయి. అదే కంపెనీ 1985లో అమెరికాలో విడుదల చేసిన ఎన్‌ఈఎస్‌కు మాత్రం 9 వోల్టుల ఏసీ ఎడాప్టరు ఇచ్చారు. ఏసీని డీసీగా మార్చే డయోడ్ల వంతెన ఆ యంత్రం లోపలే ఉంటుంది. విచిత్రమేమిటంటే ఎన్‌ఈఎస్ ఎడాప్టరు పిన్ను సూపర్ ఫామికాంలో చక్కగా పడుతుంది. పెడితే యంత్రం చెడిపోతుంది.

మూడోది, వోల్టులు, ఆంపియర్లు. వోల్టేజి ట్యాంకు ఎత్తు లాంటిది, యంత్రానికి తగినంతే ఉండాలి. ఆంపియర్లు ట్యాంకులో ఉన్న నీళ్ల లాంటివి, ఎక్కువున్నా నష్టం లేదు. యంత్రం తనకు కావలసినంతే తీసుకుంటుంది. సూపర్ ఫామికాం అసలు ఎడాప్టరు మీద 850 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. కాబట్టి 1 ఆంపియరుదైనా, 2 ఆంపియర్లదైనా పెట్టవచ్చు. 300 మిల్లీ ఆంపియర్లది మాత్రం పెట్టకూడదు. అది శక్తికి మించిన బరువు మోస్తూ వేడెక్కుతుంది.

నాలుగోది, పోలారిటీ. లేబులు మీద మధ్యలో చుక్క, దానికి రెండు వైపులా ప్లస్, మైనస్ గుర్తులు ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. చుక్కకు కలిసిన గుర్తు పిన్ను లోపలిది, బయటి వలయానికి కలిసింది పిన్ను పైభాగానిది. ఈ రోజుల్లో వచ్చే ఎడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది. ఫామికాం, సూపర్ ఫామికాం, మొదటి మోడల్ మెగా డ్రైవ్‌లకు మధ్యలో మైనస్ కావాలి. రెండో మోడల్ మెగా డ్రైవ్‌కు మళ్లీ ప్లస్! కంపెనీ పేరు ఒకటే కదా అని ఊహించవద్దు.

3. చిన్న లెక్క

సూపర్ ఫామికాం లోపల 7805 అనే రెగ్యులేటర్ ఉంటుంది. వచ్చిన వోల్టేజిని అది 5 వోల్టులకు తగ్గిస్తుంది, మిగిలినదాన్ని వేడిగా పారేస్తుంది. ఉదాహరణకు యంత్రం అర ఆంపియరు తీసుకుంటుందనుకుందాం.

10 వోల్టులిస్తే: (10 - 5) × 0.5 = 2.5 వాట్ల వేడి
12 వోల్టులిస్తే: (12 - 5) × 0.5 = 3.5 వాట్లు
9 వోల్టులిస్తే: (9 - 5) × 0.5 = 2 వాట్లు

ఈ రెగ్యులేటర్‌కు సుమారు 7 వోల్టులకు పైన అందితే చాలు. కాబట్టి 9 వోల్టుల డీసీ, 1 ఆంపియరు లేదా అంతకన్నా ఎక్కువ, మధ్యలో మైనస్ ఉన్న స్విచింగ్ రకం ఎడాప్టరు దీనికి సరిగ్గా సరిపోతుంది. గిటారు పెడల్స్‌కు వాడేవి ఎక్కువగా మధ్యలో మైనస్‌తోనే ఉంటాయి. వాటిలో ఆంపియర్లు చూసి తీసుకోవచ్చు. 3, 6, 9, 12 అని మీట తిప్పే చవక ఎలిమినేటర్లు వద్దు. 9 దగ్గర పెట్టినా, లోడు లేనప్పుడు 12 వోల్టులు దాటేవి వాటిలో ఉన్నాయి. పొరపాటున మీట జరిగినా కష్టమే.

4. ప్లేస్టేషన్ సంగతి వేరు

1994 నాటి జపాన్ ప్లేస్టేషన్‌కు బయట ఎడాప్టరు ఉండదు. పవర్ సప్లై లోపలే ఉంటుంది, అదీ 100 వోల్టులది. వెనక ఉండేది మన టేప్ రికార్డర్లకు ఉండే ఎనిమిది అంకె ఆకారపు సాకెట్. మన తీగ అందులో హాయిగా పడుతుంది, నేరుగా 230 వోల్టులు లోపలికి పోతాయి. దీనికి 230 నుంచి 100 వోల్టులకు దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. యంత్రం వెనక రాసిన వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి.

5. స్విచ్ వేసే ముందు

- కొత్త ఎడాప్టరు మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉన్నాయా చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.
- కాలేజీ ల్యాబ్‌లో మల్టీమీటర్ ఉంటే 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, ఎర్ర తీగ పిన్ను లోపల, నల్ల తీగ పైన ఆనించండి. రెండు మొనలు ఒకదానికొకటి తగలనీయవద్దు. అంకె ముందు మైనస్ వస్తే మధ్యలో మైనస్ ఉన్నట్టే.
- పది మంచాలకు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉన్న గదిలో, ఇస్త్రీ పెట్టె పక్కన దీన్ని పెట్టవద్దు. వార్డెన్ గారి అనుమతితో గోడ సాకెట్ వాడండి.
- ఎడాప్టరును దుప్పటి కింద, పరుపు కింద ఉంచవద్దు. గోరువెచ్చగా ఉండడం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడి, కాలిన వాసన వస్తే వెంటనే గోడ స్విచ్ ఆపండి.
- ఆట అయిపోయాక యంత్రం బటన్ ఒక్కటే ఆపితే చాలదు, గోడ స్విచ్ కూడా ఆపండి.

విదేశాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మనవి. యంత్రం తెచ్చేటప్పుడు దాని వెనక లేబులు ఫోటో ముందే పంపండి. ఇక్కడి తమ్ముళ్లు సరైన ఎడాప్టరు వెతికి పెట్టుకుంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ యంత్రం పాడైతే ఇంకోటి కొనుక్కునే స్తోమత మనలో చాలామందికి లేదు. గదిలో నిప్పు పుడితే పోయేది యంత్రం ఒక్కటే కాదు. దుకాణంలో లేబులు చదవడానికి, "ఇది ఏసీయా, డీసీయా?" అని అడగడానికి సిగ్గుపడవద్దు. మనం మార్కుల కోసం చదివిన పాఠమే అది.