పరదేశంలో మితవ్యయ భోజనం

దేశాటనం విజ్ఞానదాయకం. అయితే వీపున సంచితో, స్వల్ప ధనంతో విదేశాలకు బయలుదేరిన యువ యాత్రికుడు ముందుగా తగ్గించుకొనేది భోజనాన్నే. ఇది పొరపాటు. శరీరం నీరసిస్తే యాత్ర సాగదు. ఆకలిగొన్నవానికి ఏ వింతయూ రుచించదు.

తక్కువ వ్యయంతో కడుపునిండా భుజించవచ్చునని సింగపూరు నగరం నిరూపిస్తున్నది. అది ఖరీదైన నగరమే. అయినా అక్కడ 'హాకర్ సెంటర్లు' అనే భోజనశాలలు సామాన్యులను ఆదుకొంటున్నాయి. ఒకప్పుడు వీథులలో ఆహారం అమ్ముకొన్న చిరువ్యాపారుల కోసం 1971 నుండి 1986 వరకు ప్రభుత్వం వీటిని నీటి వసతితో, మురుగు కాలువలతో నిర్మించింది. ఈ సంస్కృతిని 2020లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఒకే కప్పు క్రింద చైనా, మలయ్, భారతీయ వంటకాలు లభిస్తాయి. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో దోసె కూడా దొరుకుతుంది. స్థానికులు బారులు తీరిన అంగడిని ఎంచుకోవాలి. ధరల పట్టికను ముందే చూచుకోవాలి. అక్కడి కుళాయి నీరు త్రాగదగినదే కనుక వెంట ఖాళీ సీసా ఉంచుకొంటే చాలు.

సామాన్యుల పంక్తిలో కూర్చొని భుజించినవానికి ధనమూ మిగులుతుంది. ఆ దేశమూ పరిచయమవుతుంది.